పెనుగులాట ఖరీదు

డబ్బులిచ్చి మరీ ఒళ్ళు హూనం చేసుకునే మనుషులుంటారంటే చెరకు పండించే ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఒకంతట నమ్మకం కుదరదు. మాది గోవాడ. ఊరి పేరు చెప్పగానే అవతలివాళ్ళు “చక్కెర ఫ్యాక్టరీ గోవాడేనా?” అంటారు. చోడవరం సహకార చక్కెర కర్మాగారం ఉన్నది మా ఊళ్ళోనే. మొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా మారినా చెరకు ఆకు చేతులు కోసే తీరేమీ మారలేదు. కాయకష్టం ఎంత తగ్గితే అంత మేలని పుట్టినప్పటినుంచి వింటూ పెరిగినవాళ్ళం. అలాంటి మాకు, చేపతో పెనుగులాడటానికి రోజు బాడుగ వందల డాలర్లు, పెద్ద పడవైతే వేల డాలర్లు కట్టేవాళ్ళున్నారని తెలిస్తే ముందు నవ్వొస్తుంది. తర్వాత ఆ నవ్వు అంత తేలిగ్గా ఉండదు.

వెచ్చటి సముద్రాలున్న చాలా దేశాల్లో ఈ వ్యాపారం ఉంది. హవాయిలో కోనా, ఆస్ట్రేలియాలో కెయిర్న్స్, మెక్సికోలో కాబో సాన్ లూకస్, మారిషస్‌లో బ్లాక్ రివర్ ఈ ఆటకి పేరుపడ్డ రేవులు. పడవ వెనక భాగంలో నేలకి బిగించిన కుర్చీ ఒకటుంటుంది. కాళ్ళు తన్నిపెట్టుకోవడానికి పలక, నడుముకి పట్టీ, గాలం గెడ నిలబెట్టడానికి గుంట. పడవ నడిపేదీ, చేప జాడ వెతికేదీ, ఎర కట్టేదీ జీతానికి ఉన్నవాళ్ళే. చేప పడవ పక్కకి వచ్చాక తంగూసు చేత్తో పట్టుకునేదీ వాళ్ళే. బాడుగ కట్టినాయన చేసేది మధ్యలో ఉన్న పని ఒక్కటే: గాలానికి తగిలిన మార్లిన్‌నో ట్యూనానో లాగడం. అరగంట పట్టొచ్చు, అయిదారు గంటలూ పట్టొచ్చు. ఎంతసేపు పడితే అంత గొప్ప. చాలాచోట్ల చేపని ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారు. అరచేతులు బొబ్బలెక్కి, నడుం పట్టేసి, ఒట్టి చేతులతో ఒడ్డుకి చేరినవాడు మహదానందంగా ఉంటాడు.

ఆ మార్లిన్ మా జిల్లా ఒడ్డుకీ వస్తుంది. ఇక్కడ దాన్ని కొమ్ముకోనాం అంటారు. ట్యూనాని సూర అంటారు. గోవాడకి సముద్రం కనపడదు, హోరు వినపడదు. అనకాపల్లి మీదుగా అచ్యుతాపురం, అక్కణ్ణించి పూడిమడక వెళ్తేగాని కెరటం లేదు. ఈ మధ్య పూడిమడక పేరు హైడ్రోజన్ హబ్ మూలాన పేపర్లలో పడుతోంది. 2025 జనవరిలో ప్రధాని విశాఖ వచ్చి దానికి శంకుస్థాపన చేశారు. చేపల సంగతి తెలిసినవాళ్ళకి మాత్రం ఆ ఊరి పేరు వినగానే గుర్తొచ్చేది గాలం. కొమ్ముకోనాం, సూర నడిసముద్రంలో తిరిగే చేపలు. చాలా తీరాల్లో వాటికోసం పెద్ద ఓడలు కట్టుకుని రోజుల తరబడి పోవాలి. విశాఖ తీరంలో సముద్రపు నేల ఒడ్డుకి దగ్గర్లోనే లోతుకి దిగిపోతుంది. అందుకే ఒకప్పుడు తెప్పల మీద తెరచాపలతో, ఇప్పుడు ఇంజను బిగించిన ఫైబర్ పడవల మీద, నలుగురైదుగురు మనుషులు గాలమూ తాడూ పట్టుకుని ఆ చేపల దగ్గరికి పోగలుగుతున్నారు. కుర్చీ లేదు, నడుం పట్టీ లేదు. గెడ కూడా లేదు. గాలం, తంగూసు, చెయ్యి. అంతే.

ఒకసారి అక్కడ ఇసకలో పడున్న కొమ్ముకోనాంని దగ్గరగా చూశాను. నీళ్ళలోంచి తీసిన కాసేపటికే వీపు మీది నీలం వెలిసిపోయి పలక రంగుకి దిగిందట. కొమ్ము మీద వేలు పెట్టి రాస్తే గరుగ్గా తగిలింది. పక్కనున్న పెద్దాయన చెంప వెనక రెక్క చూపించి “వంచండి బాబూ, వంచండి చూద్దాం” అన్నాడు. రెండు చేతులతో నొక్కినా అది పక్కకి ఒరగలేదు. “వొంగదు. వేరే కోనాలకి వొంగుతాది. దీనికి ఇరగాలంతే,” అని నవ్వాడు. తర్వాత పుస్తకాల్లో చూస్తే శాస్త్రవేత్తలు నల్ల మార్లిన్‌ని గుర్తుపట్టే ఆనవాలు కూడా అదే. మిగతా మార్లిన్ల రెక్క ఒంటికి ఆనించి మడవొచ్చు, పెరిగిన నల్ల మార్లిన్ రెక్క బిగుసుకునే ఉంటుంది.

ఆయనకే ఈ అద్దె పడవల కథ చెప్పాను. అంతా విని, “ఎంతసేపు లాగుతారేటి?” అని అడిగాడు. గంటలకొద్దీ అన్నాను. “అయితే మరి సూర అయితే మాంసం పాడైపోదా?” అన్నాడు. డబ్బులిచ్చి లాగడం ఆయనకి పెద్ద వింతగా అనిపించలేదు. అంతసేపు లాగడమే అనిపించింది.

ఆ ప్రశ్నలో ఉన్నది జీవశాస్త్రం. చేపలు చాలామట్టుకు చల్లని నెత్తురువి, చుట్టూ ఉన్న నీళ్ళెంత వేడో ఒళ్ళూ అంతే. ట్యూనా అలా కాదు. కండరాల్లో పుట్టిన వేడి బయటికి పోకుండా పట్టి ఉంచే సన్నని రక్తనాళాల అల్లిక దాని ఒంట్లో ఉంది. నిలబడితే మొప్పలకి నీరందదు కాబట్టి పుట్టినప్పటినుంచి చచ్చేదాకా ఈదుతూనే ఉండాలి. అలాంటి ఒళ్ళు గాలానికి తగిలి గంటసేపు పెనుగులాడితే లోపల వేడెక్కిపోతుంది, కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది. నిగనిగలాడే ఎర్రని మాంసం పాలిపోయి, నీరోడుతూ, ఉడికీ ఉడకనట్టు తయారవుతుంది. పచ్చిగా తినే జపాను వంటకాల కోసం ఎగుమతి చేసే వ్యాపారి చేప పైమెరుపు చూసి మోసపోడు. సన్నని గొట్టం గుచ్చి, చీపురుపుల్లంత లావున మాంసం తీసి, వెలుతురులో పెట్టి చూస్తాడు. రంగు చెడితే ధర పడిపోతుంది. దెబ్బ తిన్న సూర మంచు పెట్టెలో ఎంతసేపున్నా కోలుకోదు.

ఇది చెరకు రైతుకి వేరే చెప్పక్కర్లేదు. నరికిన గడ కాటా ఎక్కేదాకా ఎండలో ఉన్న ప్రతి గంటా బరువు తగ్గుతుంది, లోపల పంచదార విరిగిపోతుంది. గానుగాట రోజుల్లో ఏ మిల్లు దగ్గరైనా ట్రాక్టర్ల వరసలో నిలబడ్డవాడి మొహం చూస్తే తెలుస్తుంది, కాలం ఎవరి జేబులోంచి పోతోందో. పెద్దాయన అడిగింది ఆ లెక్కే. చేపా మనిషీ ఒకరినొకరు లాక్కునే ఆ గంటని బాడుగ కట్టినవాడు ఎదురిచ్చి కొంటున్నాడు. పూడిమడకాయన అదే గంటని ఎలా కత్తిరించాలా అని చూస్తాడు. ఒకచోట అది సరుకు, ఇంకొకచోట తరుగు. సముద్రం ఒకటే, చేప ఒకటే.

ఆటకి రాజ్యాంగం కూడా ఉంది. 1939లో పెట్టిన అంతర్జాతీయ క్రీడా మత్స్య సంఘం దాన్ని రాసి ఉంచింది. రికార్డు పుస్తకంలోకి ఎక్కాలంటే గాలానికి తగిలింది మొదలు పడవ పక్కకి వచ్చేదాకా గెడని ఇంకొకరు ముట్టుకోకూడదు. ఒక్క మనిషి, ఒక్క చేప. ఆ నియమాల ప్రకారం ఇప్పటికీ చెక్కుచెదరని రికార్డు 1953 ఆగస్టు 4న పెరూ దేశంలోని కాబో బ్లాంకో దగ్గర పడింది. టెక్సస్ చమురు వ్యాపారి ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన నల్ల మార్లిన్ బరువు 707 కిలోలు. దాన్ని లాగుతుండగా తీసిన ఫిల్ము తర్వాత హెమింగ్వే నవల ‘ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ ఆధారంగా తీసిన సినిమాలో వాడుకున్నారు. పేద క్యూబా జాలరి కథకి కావలసిన చేపని అలా చమురు వ్యాపారి గాలం నుంచి అరువు తెచ్చుకున్నారన్నమాట. ఇంకో చిన్న సంగతి. ఆ నవలలో ముసలాయన తన చేపని మగవాడిగానే తలుస్తాడు, తమ్ముడంటాడు. మార్లిన్లలో అంత భారీగా పెరిగేవి ఆడవే. మగచేపలు వాటి పక్కన పిల్లకాయలు. ఒంటరి మగవాడి పౌరుషానికి సాటి మగవాడే ఎదురు నిలవాలని రచయిత అనుకున్నట్టుంది. చేపలకి ఆ పట్టింపు లేదు.

పూడిమడక పడవలో ఆ ఒక్క మనిషి, ఒక్క చేప నియమం పెడితే ఏమవుతుందో ఊహించండి. పెద్ద చేప తగిలిందనగానే పడవలో ఉన్న చేతులన్నీ తాడు మీదికి వస్తాయి. ఒకడు లాగుతాడు, ఒకడు వచ్చిన తాడు చుట్ట కాళ్ళకి తగలకుండా సర్దుతాడు, ఒకడు ఇంజను దగ్గరుంటాడు, ఒకడు కొక్కెం పట్టుకుని కాచుకుంటాడు. అక్కడ ముట్టుకుంటే రికార్డు పోతుంది, ఇక్కడ ముట్టుకోకపోతే మనిషి పోతాడు.

ఆటలో నియమం ఎంత గట్టిదో ఇంకో సంగతి చూడండి. 2023 జూన్‌లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో బిగ్ రాక్ అనే మార్లిన్ పోటీ జరిగింది. ఆఖరిరోజు ఒక పడవ 619.4 పౌండ్ల నీలి మార్లిన్‌ని తెచ్చింది. మన లెక్కలో 281 కిలోలు. పోటీలో అన్నిటికన్నా బరువైనది. రావలసిన బహుమతి 35 లక్షల డాలర్లు. చేప ఒంటి మీద సొర కొరికిన గాటు కనిపించడంతో అది చెల్లదన్నారు. సొర చేప సాయం చేసిందో లేదో ఎవరు చెప్పగలరు? గాయపడ్డ చేప పూర్తి బలంతో పోరాడి ఉండదు కాబట్టి గెలుపు గెలుపు కాదు. తర్కం అర్థమవుతుంది. ఇదే మన ఒడ్డున చెప్తే, సొర కొరికిన ముక్క మేరకి తరుగు తీసి మిగతాదానికి రేటు కడతారు. చేప నిండు ఓపికతో పోరాడిందా లేదా అని అడిగే వ్యాపారి ఇక్కడ దొరకడు. అడిగినా, ముందే అలిసిపోయింది కదా అని ఒక రూపాయి ఎక్కువే ఇవ్వాలి.

మారిషస్ గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు మా ఊరూ ఆ సముద్రమూ ఒకచోట కలిసినట్టుంటుంది. 1834 నుంచి బ్రిటిష్‌వాళ్ళు చెరకు తోటల కోసం మన దేశం నుంచి కూలీలని ఒప్పందాల మీద ఆ దీవికి ఎక్కించారు. కోరంగి రేవు నుంచీ విశాఖ ప్రాంతం నుంచీ తెలుగువాళ్ళు వెళ్ళారు. కోరంగి నుంచి వచ్చారు కాబట్టి వాళ్ళకి ఆ ఊరి పేరే కులం పేరంత గట్టిగా అంటుకుంది. వాళ్ళ మునిమనవలు మారిషస్ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. ఆ కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ని 2006లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. దీవిలో చెరకు ఇంకా ఉంది. అదే దీవి పడమటి తీరాన, బ్లాక్ రివర్ రేవు నుంచి, మార్లిన్ కోసం అద్దె పడవలు బయల్దేరుతాయి. ఒప్పందం గడువు తీరేదాకా తోట వదిలిపోయే వీల్లేక చెరకు నరికినవాళ్ళ దీవిలోనే, గడియారం చూసుకుని కష్టాన్ని కొనుక్కుని సాయంత్రానికి దిగిపోయే మనుషుల ఆటా నడుస్తోంది. ఆ ఆటని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ రెండు కష్టాల మధ్య తేడా చెమటలో లేదని చెప్పడానికి అంటున్నాను. దిగిపోగలగడంలో ఉంది.

తాడు వదిలెయ్యగలగడం అనుకున్నంత చిన్న విషయం కాదు. ఆటగాడి గెడకి ఉన్న చక్రంలో ఒక బిరడా ఉంటుంది. ఎంత బిగువు దాటితే తంగూసు దానంతటది జారిపోవాలో ముందే తిప్పి పెట్టుకుంటారు. చేప మరీ లాగితే చక్రం వదులుతుంది, మనిషిని లాక్కుపోదు. పూడిమడకాయనకి ఆ బిరడా ఆయన అరచెయ్యే. తాడు చేతికి చుట్టుకోకూడదని అక్కడ చిన్నపిల్లాడికీ తెలుసు. “బరువు పడ్డాక సుట్టకుండా ఎలా ఆగుద్ది బాబూ?” అన్నాడు పెద్దాయన. వదిలేస్తే చేప ఒక్కటే పోదు. గాలం పోతుంది, తాడు పోతుంది, పోయిన డీజిలూ మంచుగడ్డల ఖర్చూ అప్పులో కలుస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవలకి వేట నిషేధం. ఆ రెండు నెలలు ఇంట్లో కూర్చుని తిన్నాక వచ్చే మొదటి వేటల్లో చెయ్యి సడలించడం ఇంకా కష్టం. 2025 జూలై మొదట్లో, నిషేధం ముగిసిన కొద్దిరోజులకే, పూడిమడక నుంచి వేటకి వెళ్ళిన ఒకాయన్ని పెద్ద కొమ్ముకోనాం గాలం తాడుతో సహా సముద్రంలోకి లాక్కుపోయింది. పడవలో ఉన్నవాళ్ళ కళ్ళముందే. 2022లో పరవాడ వైపు మత్స్యకారుడొకరికి కొమ్ము గుచ్చుకుని ప్రాణం పోయింది. ఆ రెండు రోజులూ టీవీల్లో కొమ్ముకోనాం ఒక రాక్షసి. మర్నాడు మళ్ళీ కిలో రేటు.

అద్దె పడవల్లోనూ మనుషులు పోకపోలేదు. అయితే అక్కడ నీళ్ళలోకి పోయింది ఎక్కువగా కుర్చీలో కూర్చున్నవాడు కాదు. చివర్లో తంగూసుని చేతికి చుట్టి చేపని పడవ పక్కకి తెచ్చే జీతగాడు. ఆటలో కూడా పని భాగం ఎవరిదో ప్రమాదం వాళ్ళదే.

ఇంతా చెప్పి ఆటగాడిని దోషిని చేస్తే అన్యాయం. సముద్రంలో మార్లిన్లు ఇంకా మిగిలున్నాయంటే అందులో వాళ్ళ వాటా ఉంది. కెయిర్న్స్ దగ్గర 1966లో మొదటి వెయ్యి పౌండ్ల నల్ల మార్లిన్ దొరికిన తర్వాత అక్కడ పెద్ద వ్యాపారమే పుట్టింది. ఇప్పుడక్కడ పట్టిన చేపకి చీటీ తగిలించి వదిలెయ్యడమే ఆనవాయితీ. ఆ చీటీల వల్లే ఈ చేపలు ఎంత దూరాలు తిరుగుతాయో శాస్త్రవేత్తలకి తెలిసింది. 2012లో అమెరికా చేసిన చట్టం తమ ప్రధాన భూభాగంలో మార్లిన్ మాంసం అమ్మకాన్ని చాలావరకు ఆపేసింది. బతికున్న మార్లిన్ వంటింట్లో కన్నా సముద్రంలో ఎక్కువ డబ్బు తెస్తుందని వాళ్ళు లెక్కగట్టారు. నాకు ఆ లెక్కలో తప్పు కనిపించదు. గంటలకొద్దీ పెనుగులాడి వదిలేసిన చేపల్లో కొన్ని తర్వాత చచ్చిపోతాయి, అది కూడా నిజమే. అందుకే త్వరగా లాగి, నీళ్ళలోంచి పైకెత్తకుండా, లోపలికి మింగుడుపడని గుండ్రటి గాలాలు వాడి వదలమని ఇప్పుడు ఆటవాళ్ళకే ఆటవాళ్ళు చెప్పుకుంటున్నారు. త్వరగా లాగమంటున్నారు, చూడండి. తిరిగి తిరిగి పూడిమడక పెద్దాయన మాట దగ్గరికే వచ్చారు.

అటు పూడిమడకవాళ్ళకి ఇందులో సరదా లేదనుకోవడం ఇంకో అన్యాయం. పేదవాడి కష్టం గురించి రాసేటప్పుడు వాడి మొహాన నవ్వు చెరిపెయ్యడం మనకి అలవాటు. కొమ్ముకోనాం నీళ్ళలోంచి నిలువునా లేచి, తోక మీద నడిచినట్టు పోయి, ధబ్బున పడటం గురించి చెప్తున్నప్పుడు ఆ పెద్దాయన కూర్చున్నచోటినుంచి లేచాడు. చెయ్యి పైకెత్తి, వేళ్ళు కొమ్ములా చాచి చూపించాడు. ఎంత రేటు పలికిందో చెప్పలేదు, ఎంత ఎత్తు లేచిందో చెప్పాడు. అది కిలోల్లో రాసుకునే సంగతి కాదు. ఆ క్షణాన ఆయనకీ, టెక్సస్ చమురాయనకీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఒకాయన దానికి ఎదురు కట్టాడు, ఒకాయనకి అది జీతంలో కలిసి వచ్చింది. కష్టం మొత్తం బేరమాడి కొన్నా దొరికేది ఆ ముక్కే. కొనని కష్టంలోనూ ఆ ముక్క ఉంటుంది, కాకపోతే దానికోసం ఎవరూ పోరు.

విశాఖ బీచి రోడ్డు మీద ఏ టూరిజం సభ జరిగినా జలక్రీడల మాట వస్తుంది. ఎప్పుడో ఒకరోజు మార్లిన్ అద్దె పడవలూ వస్తాయేమో. పడవ నడపడానికి పూడిమడకవాళ్ళకన్నా తెలిసినవాళ్ళని ఎక్కడా తేలేరు. అదే ఆయనతో అన్నాను. హవాయిలో కోనా రేవున పాత ఆనవాయితీ ఒకటుంది, బాడుగ కట్టినవాడు పట్టిన పెద్ద చేప పడవదే, అమ్ముకునేది కెప్టెనే అని కూడా చెప్పాను. ఆ మాట దగ్గర ఆయన మొదటిసారి శ్రద్ధగా విన్నాడు.

“అయితే బాడుగా మాదే, సేపా మాదే?”

“అంతే.”

“మరి ఒగ్గేస్తానంటే?”

“ఒగ్గేస్తే సముద్రానిది.”

కాసేపు వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. డీజిలు, మంచు, ముగ్గురు మనుషుల కూలి. “ఒగ్గేసే సేపకి బాడుగ ఎక్కువ పుచ్చుకోవాల బాబూ,” అన్నాడు. ఆ తర్వాత ఇంకేదో గుర్తొచ్చినట్టు, “కెరటం దాటకముందే వాంతులు చేసుకుని ఎనక్కి తిప్పమంటారు మీ పైవూళ్ళోళ్ళు. అప్పుడు అద్వాన్సు తిరిగిచ్చీది లేదు. అది ముందే రాసుకోవాల,” అన్నాడు.